రెండు కళ్ళ పలక

చీల పెద్దకన్నులో దూరలేదు.

పనిపెద్ద దుందుభుడు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అరచేత్తో గట్టిగా తట్టాడు. బొటనవేలంత లావున్న ఆ కంచు చీల ఇనుప పలకలోని పెద్ద రంధ్రం అంచు మీద మొండిగా కూర్చుంది తప్ప లోపలికి జారలేదు. దుందుభుడు అసలే వేలాడే కింది పెదవిని ఇంకాస్త జార్చి నవ్వాడు.

"మూడు! ఒరేయ్ గంటలోడా, మూడోది కూడా తప్పేరా! మీ అయ్య నీకు కొలత నేర్పాడా, కునికిపాట్లు నేర్పాడా?"

రేచన తల వంచుకుని నిలబడ్డాడు. అతనికి భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఇప్పుడే, ఈ చేతులతోనే కొలిచాడు. తన దగ్గర మెత్తగా జారిన చీల, ఇరవై అడుగులు నడిచి దుందుభుడి బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎలా లావెక్కింది?

"నా పలకలో దూరిందండీ," అన్నాడు.

"నీ పలకా నా పలకా ఒకటేరా! లోహగర్భంలో అన్నీ ఒకటే. నీ పలక మెళ్ళో కట్టుకున్న కుక్క కూడా నీకంటే బాగా కొలుస్తుంది!" అంటూ దుందుభుడు ఆ చీలను రేచన ముఖం మీదికి విసిరాడు. "ఉంచుకో. తాయెత్తు కట్టించుకో. మొదటిది కొలిమిలో పారేశాను కాబట్టి నీకు రెండే మిగిలాయి. మధ్యాహ్నం జేగంట కొట్టగానే నీ కుడిచేతి వేళ్ళు తీసేసి కంచువేళ్ళు బిగిస్తారు. అప్పుడు కుదురుతుంది నీ కొలత!"

రేచన కిందపడిన చీలను తీసి, రెండోదాని పక్కనే మొలలో దోపుకున్నాడు.

లోహగర్భం కొండ కడుపును తొలిచి కట్టిన కోట. బయటి నుంచి చూస్తే మంచు కప్పిన మూడు శిఖరాలు, వాటి మధ్య ఆకాశం రంగు మడుగు, అంచున తెల్లని పూలు. దేవకన్యలు స్నానానికి దిగే చోటులా ఉంటుంది. లోపలికి అడుగుపెడితే సూర్యుడు లేడు. నూటెనిమిది సాలలు. ప్రతి సాలకూ పదహారు స్తంభాలు, ప్రతి స్తంభానికీ నోరు తెరిచిన ఎనిమిది నాగుపాములు, ప్రతి పాము నోట్లోనూ ఒక ఎర్రని మంట. ప్రతి సాలలోనూ ఇరవై కొలుములు, నాలుగు తలుపులు. ఒక సాల తలుపు ఊడదీసి ఇంకో సాలకు బిగిస్తే వెంట్రుక తేడా లేకుండా కుదురుతుంది. అందుకే ఆ కోటలో పారిపోయేవాళ్ళకు కాపలా కూడా పెట్టరు. పారిపోయినవాడు తలుపు తీసి పరుగెత్తితే అదే సాల, అవే స్తంభాలు, అవే పాములు. ఇంకో తలుపు తీస్తే మళ్ళీ అదే సాల. రెండు రోజులు తిరిగి తిరిగి, ఏడుస్తూ, ఎదురుగా కనిపించిన పనిపెద్ద కాళ్ళ మీద పడతాడు. వాడు తన పనిపెద్దో కాదో కూడా తెలియదు.

ఈ కోటను కట్టిన మాంత్రికుడు కాలకీలుడు. మనిషికో రకంగా ఉండే చెయ్యీ కాలూ చూస్తే వాడికి ఒళ్ళు మంట. వాడి మంత్రానికి ప్రాణం పోసుకున్న కీలుభటులు వేలకు వేలున్నారు. ఇనుప ఎముకలు, కంచు చీలలు. ఒకడి చెయ్యి తెగితే పక్కన పడి ఉన్న ఏ చెయ్యి తెచ్చి తగిలించినా, ఒక చీల బిగిస్తే చాలు, మళ్ళీ కత్తి పడతాడు. అలాంటి సేనను ఓడించిన రాజు ఇంతవరకూ లేడు. ఇప్పుడు ఆ సేన మణిమంత రాజ్యం మీదికి కదలబోతోంది.

మణిమంతం యువరాజు జయంధరుడు ఆ సంగతి తెలుసుకోవడానికి వచ్చి కనుమలో చిక్కాడు. అతన్ని విడిపించడానికి, చెరపట్టిన లోహకారుల గుంపులో కలిసి, తొమ్మిది రోజుల క్రితం లోపలికి వచ్చినవాడు రేచన. రేచన యోధుడు కాడు. మణిమంతం కోటలో గంటలు పోతపోసేవాడు, చిన్నప్పుడు యువరాజుతో కలిసి గంటగోపురం ఎక్కి పావురాలను తరిమినవాడు.

ఈ తొమ్మిది రోజుల్లో యువరాజు ఎడమకాలు మోకాలి కింద, కుడిచెయ్యి మోచేతి కింద కంచువి అయిపోయాయి. ఈ మధ్యాహ్నం జేగంటకు అతని రొమ్ముకు గుండెమూత బిగిస్తారు. అది బిగిస్తే లోపలి గుండె ఆ మనిషి మాట వినడం మానేసి కాలకీలుడి మాట వింటుంది. అప్పుడు మణిమంతం కోట దొడ్డిదారిలో కీలుభటులను నడిపించేది స్వయంగా ఆ కోట యువరాజే అవుతాడు.

"ఏం చూస్తున్నావురా? నడువు!" దుందుభుడు రేచన కాలికి సంకెల తగిలించాడు. "వేళ్ళు పోయేదాకా ఊరికే కూర్చోబెడతామనుకున్నావా? పో, తూము దగ్గర నీళ్ళు పట్టు."

అప్పుడే సాల తలుపులు నాలుగూ ఒక్కసారి తెరుచుకున్నాయి.

కాలకీలుడు వచ్చాడు. మెడ కింద అంతా కంచే. ప్రతి కీలు మీదా కెంపు, ప్రతి వేలి కొసనా పచ్చ. నడిస్తే వీణ తంత్రులు సవరించినట్టు సన్నని మోత. వాడు రోజూ ఉదయం ఒంటి చీలలన్నీ ఊడదీయించి కొత్తవి వేయించుకుంటాడు, మనం ఉతికిన బట్ట కట్టుకున్నట్టు. మెడ పైన మాత్రం ముడతలు పడిన ముసలి ముఖం, పసుపు పచ్చని గడ్డం. వాడి వెనక నలుగురు కీలుభటుల మధ్య జయంధరుడు నడిచి వచ్చాడు. అతని ఎడమకాలు అతని కంటే ముందే అడుగు వేస్తోంది. అతను దాన్ని వెనక్కి లాగడానికి పెనుగులాడుతున్నాడు.

"చూడండి!" అన్నాడు కాలకీలుడు పనివాళ్ళ వైపు తిరిగి. "ఇది రాజు కాలు. దీన్ని తీసి గజదొంగకు తగిలిస్తే దొంగ కాలు. మీరు చీల చేసేటప్పుడు ఎవరికోసమని అడక్కండి. అడిగే అవసరం లేకుండా చెయ్యడమే నా విద్య."

జయంధరుడి చూపు సాలంతా తిరిగి, సంకెలతో నిలబడిన రేచన మీద ఆగింది. యువరాజు పకపకా నవ్వాడు.

"ఈ మొద్దును ఎందుకు తెచ్చావయ్యా మాంత్రికుడా? వీడి ముఖం చూస్తే పావురాలు కూడా బెదరవు. మా ఊళ్ళో వీణ్ణి ఎత్తుకి ఎక్కిస్తే దిగడం రాక ఏడ్చేవాడు."

దుందుభుడు కూడా నవ్వాడు. రేచనకు మాత్రం కళ్ళు చెమర్చాయి. ఆ ఏడ్చింది జయంధరుడే. భుజాల మీద దించింది రేచన.

"ఇంకో రెండు గడియలు నవ్వుకో యువరాజా," అన్నాడు కాలకీలుడు. "ఆ తర్వాత నేను నవ్వమన్నప్పుడే నవ్వుతావు."

వాళ్ళు అతన్ని సాల మధ్యనున్న నల్లరాతి అరుగు వైపు నడిపించుకుపోయారు.

తూము సాల ఉత్తరపు గోడలో, నలభై మెట్ల పైన ఉంది. కొండ మీది మంచుమడుగు నీళ్ళను ఆపి ఉంచే ఇనుప తలుపు అది. దాని అడుగున ఉన్న చిన్న కంతలోంచి కారే నీళ్ళను తోలుసంచుల్లో పట్టి, కాలిన లోహం ముంచే తొట్టెలకు అందించాలి. పక్కనే ఒక కీలుభటుడు కాపలా ఉన్నాడు. దుందుభుడు రేచన సంకెలను అక్కడి గుంజకు కట్టి, "దూకాలనిపిస్తే దూకు, నలభై మెట్లూ లెక్కపెట్టుకుంటూ పోతావు," అని దిగిపోయాడు.

తూము దగ్గర చలి ఎముకలు కొరుకుతోంది. కింద సాలలో నిప్పులు చెరిగే వేడి, ఇక్కడ వేళ్ళు కొంకర్లు పోయే చలి. రేచన సంచి నింపడానికి వంగాడు. అప్పుడు వినిపించింది.

కిట కిట. కిట కిట.

అతను చెవి రిక్కించాడు. కీలుభటుడు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చినప్పుడల్లా మోకాట్లోంచి ఆ చప్పుడు. రేచనకు ఆ చప్పుడు తల్లి గొంతంత బాగా తెలుసు. మణిమంతం గంటగోపురంలో ఇనుప దూలాలకు గంటలను కంచు చీలలతో వేలాడదీస్తారు. వేసవిలో అవి రాయిలా బిగిసి ఉంటాయి. పుష్యమాసం చలి ముదరగానే వదులై, గాలి వీస్తే చాలు కిటకిటలాడతాయి. ఏటా నిచ్చెన వేసుకుని ఎక్కి వాటిని సరిచేసేది అతనే. వేడికి కంచు ఉబ్బినంతగా ఇనుము ఉబ్బదు. చలికి కంచు ముడుచుకున్నంతగా ఇనుము ముడుచుకోదు.

మెట్ల మీద దగ్గు వినిపించింది. అయ్యలాచారి పైకి వస్తున్నాడు. డెబ్బై ఏళ్ళ ముసలాయన, చెరపట్టిన లోహకారులందరిలోకీ పెద్ద. పద్దెనిమిదేళ్ళుగా ఈ కోటలో ఉన్నాడు. ఆయన కంచువేళ్ళ మధ్య ఒక గంప, దాని నిండా ఆ ఉదయం దుందుభుడు సరేనన్న చీలలు.

"నాయనా, ఇవి కడగాలంట," అన్నాడాయన ఆయాసపడుతూ. "నీ సంగతి విన్నాను. ఎందుకు తప్పావయ్యా? మొదటి రోజు నీ పని చూసి, వీడు మంచి చేతివాడని అనుకున్నానే."

"తాతా, మీరు చీలను ఎప్పుడు కొలుస్తారు?"

"ఎప్పుడేమిటి? ఆకురాయి పట్టడం అవగానే."

"చల్లారాకా?"

అయ్యలాచారి నవ్వాడు. ఆ నవ్వు ఏడుపులా ఉంది. "చల్లారిందో లేదో నాకెలా తెలుస్తుంది నాయనా?" అని కుడిచెయ్యి ఎత్తి చూపాడు. ఐదు వేళ్ళూ నున్నగా, ఒకే తీరుగా మెరిశాయి. "మా తాతలనాటి పద్ధతి, వస్తువును చల్లార్చి, చెంపకు ఆనించి చూసి, చల్లగా తగిలితేనే పలక పట్టాలి. నువ్వు అలా చేస్తుంటే దుందుభుడు చీలను ముద్దుపెట్టుకుంటున్నావని వెక్కిరించాడు కదా. మేమూ ఒకప్పుడు అలాగే చేసేవాళ్ళం. ఆర్నెల్ల క్రితం, పని నిదానంగా సాగుతోందని వీళ్ళు మంచి పనివాళ్ళందరి వేళ్ళూ తీసేసి ఇవి పెట్టారు. ఇప్పుడు నిప్పులాంటి చీలనైనా పట్టుకోగలం. కాలదు. కాలనప్పుడు ఆగడం ఎందుకు? కొలిచేసి గంపలో పడేస్తాం."

రేచన గంపలోంచి ఒక చీల తీశాడు. దాన్నీ, తన మెడలోని పలకనూ కలిపి మంచునీళ్ళలో ముంచి నూరు లెక్కపెట్టాడు. తర్వాత చీలను చెంపకు ఆనించాడు. పలక ఎత్తి పట్టుకుని, పెద్దకన్నులో వేశాడు. జారిపోయింది. మంచి చీల చిన్నకన్నులో దూరకూడదు. దాన్ని చిన్నకన్ను మీద నిలబెట్టాడు.

చీల టింగుమని రాతి మీద పడింది.

అయ్యలాచారి ఆ చీల వంక, రేచన వంక చూసి, మెట్టు మీద కూలబడ్డాడు. రేచన ఇంకోటి వేశాడు. అదీ జారింది. మొలలోంచి తన చీల తీసి వేశాడు. అది పెద్దకన్నులో మెత్తగా దిగింది, చిన్నకన్ను మీద మాత్రం రాజులా కూర్చుంది.

"నా చీల తప్పు కాదు తాతా. కొలిమి పక్కన వాడి బల్ల మీద అది ఉబ్బింది. మీ చీలలు అక్కడి వేడికి సరిపోయాయి. ఆర్నెల్లుగా చేసినవన్నీ ఇంతే. ఎవరికైనా చలి తగిలితే చాలు, కీళ్ళు ఊడిపోతాయి."

"ఆర్నెల్లు!" అన్నాడు ముసలాయన. "అంతకు ముందు నా చేత్తో చేసినవి కొండ కదిలినా కదలవయ్యా. పద్దెనిమిదేళ్ళలో ఒక్కటి తప్పలేదు. ఇప్పుడేమో... ఎంత పనివాణ్ణి ఎలా అయిపోయాను!"

"తాతా, మీరు ఏడవకండి. ఈ తప్పే మనల్ని బతికిస్తుంది. ఈ తూము తలుపు బందుల్లో చీలలు ఎప్పటివి?"

"పోయిన నెల మార్చారు. నేనే పెట్టాను." ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "కోటలో ఎక్కడైనా ఒకటే చీల కదా నాయనా. భటుడి మోకాలికీ అదే, తలుపుకీ అదే."

"నా సంకెలకూ అదే," అన్నాడు రేచన.

అతను సంకెల ఉన్న కాలిని మంచునీళ్ళ కింద పెట్టాడు. చలి సూదుల్లా గుచ్చింది. పాదం మొద్దుబారింది, పిక్క మొద్దుబారింది. కీలుభటుడు తల తిప్పి చూశాడు. పనివాడు నీళ్ళు పడుతున్నాడు, అంతే. వాడికి అంతకు మించి ఆలోచన లేదు. రేచన రెండు వేళ్ళతో సంకెల చీలను పట్టి మెల్లగా లాగాడు. వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

"బయటికి దారి?"

"సాల దక్షిణపు గోడలో మురుగునీళ్ళు పోయే ఇనుప తలుపుంది. అవతల సొరంగం. అది ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. కానీ దాని గడియ అవతలి వైపున ఉంది, చీల లేదు, ఊడిపోయి చాలా రోజులైంది. నెడితే తెరుచుకుంటుంది." ముసలాయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "నీళ్ళు వదిలితే ఇవీ పోతాయి కదూ?"

రేచన ఊడదీసిన సంకెల చీలను చూపించాడు.

"పోతే పోనీ. నావి కావుగా," అని అయ్యలాచారి లేచాడు. "నేను కిందికి పోయి పనివాళ్ళను అరుగుల మీదికి ఎక్కమని చెవిలో చెబుతాను. జేగంట మొదటి దెబ్బకు వదులు."

కింద కొలుములు భగభగమంటున్నాయి. నల్లరాతి అరుగు మీద జయంధరుణ్ణి పడుకోబెట్టి నలుగురు భటులు నొక్కి పట్టారు. కాలకీలుడు రెండు చేతులతో గుండెమూతను ఎత్తాడు. తామరపువ్వు ఆకారంలో ఉంది అది. రేకు రేకునా రత్నం, నడుమ ఒక చీల రంధ్రం. వాడు మంత్రం మొదలుపెట్టాడు. స్తంభాల మీది పాములన్నీ బుస్సుమని మంటలు పెంచాయి. యువరాజు కేకకు సాల దద్దరిల్లింది. గుండెమూత అతని రొమ్ముకు జానెడు దూరంలో ఉంది.

జేగంట మోగింది.

రేచన తూము తలుపు కింది బందు చీలను లాగాడు. వచ్చింది. పై బందు చీలను లాగాడు. రాలేదు. నీళ్ళ ఒత్తిడికి అది మూలకు బిగుసుకుంది. కాపలా భటుడు కత్తి దూసి అడుగు వేశాడు. రేచన తోలుసంచిలోని నీళ్ళన్నీ వాడి మోకాళ్ళ మీద గుమ్మరించాడు. కిటకిటలాడి, రెండు కాళ్ళూ రెండు వైపులకు జారి, వాడు మెట్ల మీద నుంచి గంపెడు గిన్నెలు దొర్లినట్టు దొర్లాడు. వాడి చేతిలోంచి జారిన కత్తితో రేచన పై చీలను ఒక్క పోటు పొడిచాడు.

తలుపు ఊడింది. రేచన పక్కకు దూకాడో లేదో, కొండంత నీరు మంచుగడ్డలతో సహా నలభై మెట్లనూ ఒక్క ఉరుకులో దాటి సాలలో పడింది.

కొలుములు ఏనుగుల్లా ఘీంకరించి ఆవిరి కక్కాయి. ఆ తెల్లని పొగలో వందలాది కీళ్ళు ఒక్కసారి కిటకిటలాడాయి. భటులు నిలబడ్డచోటే విడిపోయారు. చేతులు ఒక వైపు, కాళ్ళు ఒక వైపు, కత్తి పట్టిన పిడికిళ్ళు చేపల్లా నీళ్ళలో కొట్టుకుంటున్నాయి. దుందుభుడు బల్ల ఎక్కి, "లెక్క! నా లెక్క తప్పుతుంది!" అని కేకలు పెడుతూ తేలిపోయే కాళ్ళను ఏరుకుంటున్నాడు. అరుగు మీదికి చిమ్మిన నీళ్ళకు కాలకీలుడి కుడిచెయ్యి మోచేతి దగ్గర ఊడి గుండెమూతతో సహా మునిగిపోయింది.

కానీ వాడు మాంత్రికుడు. తేలుతున్న ఒక చేతిని ఎడమచేత్తో అందుకుని తగిలించుకున్నాడు. ఊడింది. ఇంకోటి తగిలించుకున్నాడు. అదీ ఊడింది. వాడి కళ్ళు గిర్రున తిరిగి, ఇంకా ఆరని ఎత్తైన కొలిమి మీద నిలిచాయి. వాడికి అర్థమైంది.

"వేడి!" అని గర్జించి వాడు కొలిమి అంచు మీదికి ఎగబాకాడు. "నిప్పు దగ్గరికి రండి! ఎవడి చెయ్యి ఎవడిదని చూడకండి, దొరికింది తగిలించుకోండి!"

ముక్కలు కదిలాయి. తలలు లేని మొండేలు పాకాయి, కాళ్ళు లేని చేతులు గెంతాయి. కొలిమి చుట్టూ చేరి ఒకదానికొకటి అతుక్కోసాగాయి. మూడు చేతులవాడొకడు లేచాడు. ఎవడైతేనేం, లేచాడు.

రేచన మొలలోతు నీళ్ళను చీల్చుకుంటూ అరుగు చేరాడు. జయంధరుడు లేవబోయి బోర్లా పడ్డాడు. అతని కంచుకాలు, కంచుచెయ్యి రెండూ ఊడి నీళ్ళలో దొర్లుతున్నాయి.

"మొద్దూ, ఇంత ఆలస్యమా?" అన్నాడు యువరాజు పళ్ళు గిటగిటలాడుతుండగా.

"దిగడం రాలేదు యువరాజా," అంటూ రేచన కంచుకాలును పట్టుకుని మోకాటికి ఆనించి, మొలలోంచి తన చీల తీసి దోపాడు. అది అంచుదాకా దిగి బిగిసింది. కిటకిట లేదు. మాంత్రికుడి మాట వినే కాలు కాదది ఇప్పుడు. మంత్రం పెట్టి బిగించిన చీల పోయి మంత్రం లేని చీల వచ్చింది కదా, యువరాజు అడుగు వెయ్యమన్నప్పుడు అడుగు వేసింది.

"ఇంకోటి ఉంది. చెయ్యి ఇవ్వండి."

జయంధరుడు దక్షిణపు గోడ వైపు చూశాడు. అయ్యలాచారి భుజంతో మురుగు తలుపును నెట్టి పట్టుకుని పిలుస్తున్నాడు. "ఆ తలుపు మూసి గడియ పెట్టడానికి చీల ఉందా?"

"ఇదే."

"అయితే చెయ్యి వదిలెయ్."

"యువరాజా, అది మీ కత్తిచెయ్యి!"

"కత్తి నువ్వు పట్టు. పద!"

ముగ్గురూ సొరంగంలో పడ్డారు. వెనక నీళ్ళు చిమ్ముకుంటూ మూడు చేతులవాడు దూసుకొస్తున్నాడు. రేచన, జయంధరుడు కలిసి ఇనుప తలుపును మూశారు. గడియ రంధ్రంలో రేచన ఆఖరి చీలను పెట్టి రాతితో రెండు దెబ్బలు వేశాడు. అవతల ధన్‌మని తాకిడి. తలుపు వణికింది. చీల కదలలేదు.

"తప్పు చీలలంటే ఇలా ఉండాలి!" అన్నాడు రేచన ఆయాసపడుతూ. ముసలాయన నవ్వబోయి, తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వేళ్ళు ఐదూ ఎప్పుడో రాలిపోయాయి. ఆయన ఆ మొండిచేతిని చెంపకు ఆనించుకుని, చల్లగా ఉందన్నట్టు తల ఊపాడు.

వెనక్కి తిరిగే వీలు లేదు. సొరంగం వంగి, తిరిగి, కిందికి దిగింది. నీళ్ళు తగ్గాయి. చలి మాత్రం ఎక్కువైంది. చాలాసేపటికి ఎదురుగా ఒక తలుపు కనిపించింది. రేచన చెవి ఆనించి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. నెట్టాడు.

పదహారు స్తంభాలు. ప్రతి స్తంభానికీ ఎనిమిది పాములు. ఇరవై కొలుములు, నాలుగు తలుపులు.

"మళ్ళీ అక్కడికే వచ్చామా?" అన్నాడు జయంధరుడు. అతని గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

"కాదు. ఇక్కడ కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి. చూడండి, మన ఊపిరి పొగలా వస్తోంది." రేచనకు ధైర్యం వచ్చింది. పాముల నోళ్ళలో మంటలు లేవు. ఎక్కడో పైనున్న చీలికలోంచి పగటి వెలుతురు సన్నగా దిగుతోంది. ఆ వెలుతురులో గోడ పొడవునా, వరసలు వరసలుగా, దుమ్ముపట్టిన కీలుభటులు నిలబడి ఉన్నారు. వంద మందికి తక్కువ ఉండరు. "భయం లేదు యువరాజా. ఇంత చలిలో వీళ్ళు ఒక్క అడుగు వేస్తే చాలు, కుప్పకూలిపోతారు."

ముందు వరసలోని భటుడు తల తిప్పాడు. తర్వాత వాడి పక్కవాడు. తర్వాత అందరూ.

రేచన చెవి రిక్కించాడు. కిటకిట కోసం ఎదురుచూశాడు. వందమంది ఒక్కసారి మోకాళ్ళు వంచి ముందుకు అడుగు వేశారు. చలిలో, నిశ్శబ్దంలో, ఒక్క కీలు కూడా చప్పుడు చెయ్యలేదు.

అయ్యలాచారి వేళ్ళు లేని చేతిని ఎత్తి, ముందు నిలబడ్డ భటుడి మోకాటి చీలను తాకాడు. బిడ్డ ముఖం తడిమినట్టు తడిమాడు.

"ఇవి నేను చేసినవే నాయనా," అన్నాడు మెల్లగా. "నా వేళ్ళు నాకున్నప్పుడు."

వంద కత్తులు ఒకేసారి పైకి లేచాయి.